100 గజాల్లో తప్పని గురి 300 దగ్గర ఎందుకు తప్పుతోంది?

కొత్తగురి: అందరికీ నమస్కారం. రైతు అనుమతితో పొలంలో గ్రౌండ్ స్క్విరెల్స్‌ని (బొరియల్లో ఉండే నేల ఉడతలు) కాలుస్తున్నాను. .223 రైఫిల్, 55 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్. కాగితం మీద 100 గజాల్లో అయిదూ అంగుళం లోపే పడతాయి. 300 దగ్గర మాత్రం సగం పక్కకు పోతున్నాయి. బుల్లెట్‌ని ఇంకా వేగంగా పంపే .22-250 రైఫిల్ కొనమంటారా?

గాలివాటం: రైఫిల్ మార్చకండి, గాలి చూడండి. గంటకు 10 మైళ్ల గాలి అడ్డంగా వీస్తే ఆ బుల్లెట్ 300 గజాలు చేరేసరికి దాదాపు 10 అంగుళాలు పక్కకు కొట్టుకుపోతుంది. ఆ జంతువు వెడల్పెంత? .22-250తో అది తగ్గుతుంది గానీ పోదు. గాలి మీ గురికి 30 డిగ్రీల కోణంలో వస్తే సగమే లెక్కేసుకోండి.
నేను ఎండమావి చూసి నేర్చుకున్నాను. స్కోప్ ఫోకస్ టార్గెట్‌కి కాస్త ఇవతలికి తెస్తే వేడి అలలు కనిపిస్తాయి. అవి ఎటు పరుగెడితే గాలి అటు. నిట్టనిలువుగా ఉడుకుతున్నట్టు లేస్తే గాలి ఆగిందన్నమాట, లేదా ఎదురుగానో వెనక నుంచో వీస్తోంది. అలాంటప్పుడు నేను కాల్చను. మరుక్షణం ఎటు మళ్లుతుందో చెప్పలేం.

ఇసుకసంచి: చూశాక ఫోకస్ మళ్లీ సరిచేయడం మరవకండి, లేకపోతే పారలాక్స్ వస్తుంది. తల కొద్దిగా కదిపినప్పుడు క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరగకూడదు. రైఫిల్ బట్ (భుజానికి ఆనే వెనక భాగం) కింద ఏం పెడుతున్నారు?

కొత్తగురి: ముందు బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) ఉందండీ. వెనక నా చెయ్యే.

ఇసుకసంచి: అదీ ఒక కారణమే. చిన్న సంచి పెట్టి, పిడికిలితో నొక్కుతూ ఎత్తు సర్దుకోండి.

పాతబ్యారెల్: బ్యారెల్‌ని చల్లారనివ్వండి. జంతువులు వరసగా కనిపిస్తుంటే ఆగలేం, నాకు తెలుసు. నేను అలాగే కాల్చి ఒక .22-250 బ్యారెల్ గొంతు (బుల్లెట్ మొదట దూరే చోటు) అరగదీసుకున్నాను. ఇంకో మాట: జంతువు వెనక బుల్లెట్‌ని ఆపే మట్టి గట్టు లేనిచోట ట్రిగ్గర్ మీద వేలే పెట్టకండి. గాలి అంచనా కుదరనప్పుడు కూడా అంతే. గాయంతో బొరియలోకి పోయిన జంతువు లోపల ఎంతసేపు బాధపడుతుందో!

కొత్తగురి: అందరికీ థాంక్స్. వారం రోజులు జంతువుల జోలికి పోలేదు. 300 దగ్గర గట్టు ముందు కాగితం పెట్టి, ప్రతి షాట్‌కీ ముందు గాలి అంచనా నోట్‌బుక్‌లో రాసుకుని కాల్చాను. నిన్న 10కి 8 అనుకున్నచోటే పడ్డాయి. తప్పిన రెండూ అలలు ఉడుకుతున్నప్పుడు కాల్చినవే.