"కుటిల కుంతలాలు" ఇప్పుడు రాయొచ్చా?

చుక్కలముగ్గు: కథలో ఒకమ్మాయిని వర్ణిస్తూ "కుటిల కుంతలాలు" అని రాశాను. చదివిన స్నేహితురాలు "పాపం, జుట్టుకి కూడా కుట్ర అంటగట్టావా?" అంది. ఉంగరాలు తిరిగిన జుట్టుకి పాతకాలం నుంచీ ఉన్న మాటే కదా. ఉంచనా, తీసేయనా?

పాతప్రతి: నిక్షేపంగా ఉంచండి. భాగవతంలోని గోపికా గీతంలో కృష్ణుడి ముఖాన్ని "కుటిల కుంతలం" అనే మెచ్చుకున్నారు. కుటిలం అంటే అసలు వంపు తిరిగినది. ఆ వంపే తర్వాత బుద్ధికీ అంటుకుంది.

నిక్కచ్చి: ఆ శ్లోకం తెలిసినవాళ్లకి సరే. మిగతావాళ్లకి కుటిల అనగానే నీతి, రాజకీయం గుర్తొస్తాయి. "వంకర" సంగతే చూడండి. కుక్క తోక వంకర అంటాం, వంకర బుద్ధి అంటాం. "నీ జుట్టు ఎంత వంకరగా ఉందో!" అని ఎవరినైనా మెచ్చుకుని చూడండి, తెలుస్తుంది. ఉంగరాల జుట్టు, గిరజాల జుట్టు అని హాయిగా అనుకోక ఈ టెన్షన్ దేనికి?

పాతప్రతి: అన్నిటికీ ఉంగరాలు తొడిగితే ఎలా? ఉంగరాలంటే రింగులు తిరగాలి. అలల్లా లేచిపడేది వంకీల జుట్టు. దండచేతికి పెట్టుకునే వంకీని చూడండి, మధ్యలో కోసుగా వంగి ఉంటుంది. వంపు ఇంకా తక్కువైతే నొక్కుల జుట్టు.

నాట్యప్రియ: "అరాళ" మర్చిపోయారే! సౌందర్యలహరిలో అమ్మవారు కురుల్లో అరాళ, చిరునవ్వులో సరళ. తిట్టు వాసన లేని మాట.

నిక్కచ్చి: అరాళమంటే వంగినది, అంతే. నాట్యంలో వేళ్లు చాచి పట్టే పతాక హస్తంలో చూపుడువేలు వంచితే అరాళ హస్తమని మీకు నేను చెప్పాలా? ఆ వేలు రింగు తిరగదుగా.

నాట్యప్రియ: వేలికి వంగడమే వచ్చు, వెంట్రుకకి చుట్టుకోవడమూ వచ్చు. "అరాళ కుంతలాలు" అని చదివి మడతపెట్టిన జుట్టుని ఎవరూ ఊహించుకోరు లెండి.

చుక్కలముగ్గు: ఒక సంగతి చెప్పలేదు. ఆ అమ్మాయి కథ చివర్లో అందరినీ మోసం చేస్తుంది. అందుకే కుటిల మీద మనసు పోతోంది.

పాతప్రతి: ఇంకేం, రెండర్థాలూ పనికొచ్చాయి!

నిక్కచ్చి: మొదటి పేజీలోనే గుట్టు రట్టు చేసుకుంటారా? ఉంగరాలే రాయండి.