తెలుగు మీడియం మనిషిని, ఇంగ్లిష్ చెప్పడానికి విదేశాలకు వెళ్లగలనా?

దిల్‌సుఖ్‌నగర్ టీచరమ్మ:

నమస్తే అండీ. పదో తరగతి దాకా నల్గొండ జిల్లాలో సర్కారు బడి, తెలుగు మీడియం. తర్వాత ఉస్మానియాలో ఎమ్మే ఇంగ్లిష్, బీఎడ్. ఆరేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ చెప్తున్నా. జీతం 24 వేలు, వేసవిలో అందులో సగం. థాయ్‌లాండ్, జపాన్‌లలో మనవాళ్లు ఇంగ్లిష్ టీచర్లుగా చేస్తున్నారని విన్నాను. ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర కట్టండి, టూరిస్ట్ వీసా మీద వెళ్లండి, అక్కడికెళ్లాక మార్పిస్తాం అంటున్నారు. డబ్బు సంగతి అటుంచితే నా అసలు టెన్షన్ వేరే. తెల్లవాళ్లుండగా నా ఇంగ్లిష్ ఎవరు వింటారు?

తార్నాక సారు:

అమ్మా, ముందు ఆ లక్షన్నర కట్టకండి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ పాఠం చెప్పడం నేరం. థాయ్‌లాండ్‌కైతే నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, ఆపైన వర్క్ పర్మిట్ ఉండాలి. ఆ కాగితాలు స్కూలే ఇవ్వాలి. ఉద్యోగమని బ్యాంకాక్ రప్పించి, మే సోట్ దగ్గర సరిహద్దు దాటించి, మయన్మార్‌లో సైబర్ మోసాల పనిలో కూర్చోబెట్టిన కథలు పేపర్లో చూసే ఉంటారు. ఏజెంటుకు లైసెన్సుందో లేదో మన విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోండి.

దక్షిణ కొరియాలో భాషా టీచర్లకిచ్చే ఇ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల పాస్‌పోర్టులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. భారత్, కొరియాల మధ్య 2010లో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందంతో మనకూ ఓ సందు దొరికింది గానీ చాలా ఇరుకు. జపాన్‌లో మనలాంటి వాళ్లను 12 ఏళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు చూపమంటారు. మీకు అక్కడే అడ్డం పడుతుంది. చెప్పడానికి నాకే బాధగా ఉంది.

నేను థాయ్‌లాండ్‌లో ఖోన్ కేన్ దగ్గర ఒక ఊళ్లో నాలుగేళ్లు చేశాను. టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 990కి 600 చూపమన్నారు, చూపించా. జీతం 22 వేల బాత్‌లు. పక్క క్లాసులో ఇంగ్లండ్ కుర్రాడికి 35 వేలు. అతనికి బీఎడ్ లేదు, నాకుంది. ఈ సంగతి తెలిసిన రోజు రాత్రి అన్నం సహించలేదు. అక్కడ మనకు తోడు ఫిలిప్పీన్స్ టీచర్లే. "అలవాటైపోతుంది సార్" అని నవ్వారు. నాకైతే కాలేదు.

ఇక మీ ఇంగ్లిష్ ఎవరు వింటారన్నారు. మనకు మాట అచ్చుతో ముగిస్తే గానీ తృప్తి ఉండదు. అందుకే బస్ మన నోట్లో బస్సయింది, కార్ కారైంది. థాయ్ పిల్లలది దీనికి తలకిందులు. చివరి హల్లును మింగేస్తారు, లేదంటే మార్చేస్తారు. వాళ్ల నోట బస్ 'బత్' అవుతుంది, స్కూల్ 'సకూన్' అవుతుంది. ఆ కుర్రాడు పదిసార్లు బస్ బస్ అని, వినండి అని వదిలేసేవాడు. పాపం, అతనికి అందులో కష్టమేమిటో అర్థం కాదు. నేనొకరోజు బోర్డు మీద తెలుగులో 'బస్సు' అని రాసి, మా ఊళ్లో ఇలా అంటాం, మాకు తోక ఎక్కువ, మీకు తోక తక్కువ అన్నా. అందరూ నవ్వారు. ముందు బస్సు అనిపించా. తర్వాత ఆ చివరి 'ఉ'ని గుసగుసగా అనిపించా. ఆ తర్వాత అదీ ఆపించా. 'స్' మిగిలింది. వారం పట్టింది.

సీఫెల్ కాలపు మనిషి:

సారు చెప్పింది నిజం. మేం చదివేటప్పుడు ఇఫ్లూను, అంటే హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీని, సీఫెల్ అనేవాళ్లం. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాడే మంచి టీచరన్న నమ్మకం వట్టి భ్రమ అని భాషా పండితుడు రాబర్ట్ ఫిలిప్సన్ 1992లోనే అన్నాడు. వీసా ఆఫీసులకు ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.

ఒక మాట. మూడు వేలకు దొరికే ఆన్‌లైన్ టెసాల్ (ఇంగ్లిష్ బోధన) సర్టిఫికెట్ కొనేసి తృప్తి పడకండి. సెల్టా అనే కేంబ్రిడ్జ్ వారి టీచర్ కోర్సు ఖరీదే, కానీ అందులో నిజమైన విద్యార్థులకు ఆరు గంటలు పాఠం చెప్పాలి, వెనక కూర్చుని ఒకరు రాసుకుంటారు. ఇంటర్వ్యూలో ఆ తేడా తెలిసిపోతుంది. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవలో దొరుకుతుంది. డిగ్రీ మీద విదేశాంగ శాఖ ముద్రకు మాత్రం టైం పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి.

దిల్‌సుఖ్‌నగర్ టీచరమ్మ:

సారూ, థాంక్సండీ. కన్సల్టెన్సీకి వద్దని ఫోన్ చేసేశా, రోజుకు మూడుసార్లు వాళ్లే తిరిగి చేస్తున్నారు. మీ తోక పాఠం నిన్న ఆఖరి పీరియడ్‌లో మా ఆరో తరగతికి చెప్పాను. నలభై మంది ఒక్కసారి 'బస్... బస్' అనేసరికి ఆయమ్మ తలుపు తోసుకుని వచ్చింది. "బస్సు ఇంకా రాలేదు మేడం, పిల్లల్ని కూసోబెట్టండి" అని.