ఫోన్‌లో సీసీ కెమెరాలు చూడడానికి ఎలాంటి యాప్ ఎంచుకోవాలి?

ప్రశ్న: మా ఇంట్లో వేర్వేరు కంపెనీల ఐపీ కెమెరాలు రెండున్నాయి. బయట ఉన్నప్పుడు రెండింటినీ ఒకే యాప్‌లో, మొబైల్ డేటాతో చూడాలంటే ఏది అనువుగా ఉంటుందో దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1: ముందుగా మీ కెమెరాలు ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల కెమెరాలు కలిసి పనిచేయడానికి ఉన్న ఉమ్మడి ప్రమాణం)ను గాని, ఆర్‌టీఎస్‌పీ (నెట్‌వర్క్‌లో వీడియో ప్రసారాన్ని నడిపే పద్ధతి)ని గాని అనుసరిస్తాయో లేదో చూడండి, అనుసరిస్తే ఆండ్రాయిడ్‌లో టైనీక్యామ్ వంటి యాప్ రెండింటినీ కలిపి చూపగలదు. డేటా ఆదా కావాలంటే కెమెరా పంపే తక్కువ రిజల్యూషన్ గల రెండో వీడియో (సబ్‌స్ట్రీమ్)ను ఎంచుకోండి.

జవాబు 2: పై సలహా సరైనదే. అయితే బయటి నుంచి చూడడం కోసం రౌటర్‌లో పోర్టు (ఇంటర్నెట్ నుంచి కెమెరాకు నేరుగా చేరే దారి) తెరవవద్దని గట్టిగా కోరుతున్నాను. అలా బయటికి తెరిచి ఉండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ, డీవీఆర్‌లనూ (కెమెరా వీడియోలను రికార్డు చేసే పరికరాలు) 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) పెద్ద ఎత్తున వశం చేసుకుంది. ఇంటి రౌటర్‌లోనే వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌కు చేరే భద్రమైన దారి) ఏర్పాటు చేసుకుంటే, యాప్ ఏదైనా సరే, కెమెరాను ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచాల్సిన అవసరం రాదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఒకదానిలో ఆన్‌విఫ్ ఉంది; రెండోది కంపెనీ యాప్‌లో మాత్రమే పనిచేస్తోంది.

జవాబు 2: అలాగైతే రెండోదాన్ని ఆ యాప్‌లోనే ఉంచి, రెండంచెల ధ్రువీకరణ సౌకర్యం ఉంటే తప్పక ఆన్ చేయండి.