హెపటైటిస్ బి టీకా తర్వాత ఒంటిమీద మచ్చలు: రెండో డోసు వేయించవచ్చా?

అందరికీ నమస్కారం. మా చెల్లి నర్సింగ్ చదువుతోంది. కాలేజీలో హెపటైటిస్ బి మొదటి డోసు వేశారు. కొన్నాళ్లకు పొట్ట మీద కోలగా ఒక గులాబీరంగు మచ్చ లేచింది. దాని అంచు లోపలివైపు పల్చటి పొట్టు రేగి ఉంది. చూసినవాళ్లంతా తామర అన్నారు, పూత మందు రాస్తే ఏమీ తగ్గలేదు. తర్వాత వీపు నిండా, పక్కటెముకల వాలు వెంట చిన్న చిన్న మచ్చలు వచ్చాయి. ముఖం మీద మాత్రం ఒక్కటీ లేదు. జ్వరం లేదు, దురద కొద్దిగా ఉంది, చెమట పడితే ఎక్కువ.

చర్మ డాక్టరు పిటీరియాసిస్ రోజియా అన్నారు. టీకాల తర్వాత అరుదుగా కనిపిస్తుందట, అయితే టీకా వల్లే వచ్చిందని తేల్చి చెప్పలేమన్నారు. సాధారణంగా 6 నుంచి 8 వారాల్లో దానంతటదే పోతుందట. అంతవరకు నాకు ధైర్యంగానే ఉంది.

అసలు బెంగ రెండో డోసు గురించి. ఆసుపత్రి డ్యూటీలకు వెళ్లే పిల్ల, టీకా మానేయడం నాకిష్టం లేదు. మీలో ఎవరికైనా ఇలా వచ్చిందా? మచ్చలు పూర్తిగా పోయేదాకా ఆగి వేయించుకున్నారా? తర్వాతి డోసుకు మళ్లీ వచ్చాయా? డాక్టర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఫలానా ఆకు నూరి రాయమనే సలహాలు మాత్రం వద్దండీ, ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికే చాలా చెప్పారు.