గ్రీకు పురుషుల పేర్లకు మనం చెప్పే అర్థాలు వాళ్లకు వినిపించేవా?

నీలిరాయి:
మా ఊరి గ్రంథాలయంలో పిల్లల కోసం ఒక గోడపట్టిక తయారు చేస్తున్నాను. ప్రాచీన గ్రీసులో మగవాళ్లకు పెట్టుకున్న నలభై పేర్లు, ఒక్కొక్కదాని పక్కన అర్థం. ఫిలిప్పోస్ అంటే గుర్రాల మీద మక్కువ ఉన్నవాడు. పెరిక్లిస్ అంటే మిక్కిలి కీర్తి గలవాడు. డెమోస్తనీస్ అంటే ప్రజాబలం. నికోమాఖోస్ అంటే పోరులో గెలిచేవాడు. థియొడోరోస్ అంటే దేవుడిచ్చినవాడు, అంటే మన దేవదత్తుడు. రాస్తుంటే మనసు ఉప్పొంగింది. చాలా పేర్లు మన సమాసాల లాగానే రెండు ముక్కలు కలిసి తయారయ్యాయి.

చిత్తుప్రతి చూసిన మిత్రుడొకరు ఒప్పుకోలేదు. "ఇవి నిఘంటువు చెప్పే అర్థాలు. ఆ మనుషులకు వాటితో పని లేదు. సుబ్బారావును కేక వేసినప్పుడు సుబ్రహ్మణ్యేశ్వరుడు ఎవరికి గుర్తొస్తాడు? పిల్లలకు లేనిది ఉన్నట్టు నేర్పుతున్నావు" అన్నారు. పట్టిక గోడెక్కే ముందు ఇది తేలాలి. ఏథెన్సు వీధిలో "ఫిలిప్పోస్" అని పిలిస్తే వినేవాడికి గుర్రం స్ఫురించేదా, లేదా?

పదమూలం:
మీ మిత్రుడి మాటే నిజమని నా అభిప్రాయం. సాక్ష్యం ఒక హాస్య నాటకంలో ఉంది. అరిస్టోఫనీస్ "మేఘాలు" క్రీ.పూ. 423లో ఏథెన్సులో ప్రదర్శించారు. అందులో స్ట్రెప్సియాడిస్ అనే పల్లెటూరి ఆసామి, గొప్పింటి పట్నం పిల్లను పెళ్లి చేసుకుంటాడు. కొడుకు పుట్టగానే పేరు దగ్గర గొడవ మొదలవుతుంది. ఆమెకు పేరులో "హిప్పొస్", అంటే గుర్రం, ఉండి తీరాలి. క్సాంతిప్పోస్, ఖారిప్పోస్, కల్లిప్పిడిస్ అని వరుసగా చెబుతుంది. గుర్రాన్ని పోషించగలిగేది సంపన్నులే కాబట్టి ఆ ముక్క హోదాకు గుర్తు. ఆసామి మాత్రం తన తండ్రి పేరైన ఫెయిడోనిడిస్ పెడదామంటాడు. దానిలో ఉన్నది పొదుపు. కొన్నాళ్లు పోట్లాడుకుని చివరికి రాజీపడి ఫెయిడిప్పిడిస్ అని పెడతారు.

ఇప్పుడు చెప్పండి, "పొదుపు గుర్రం" అంటే ఏమిటి? ఏమీ లేదు. అమ్మ వైపు నుంచి ఒక ముక్క, నాన్న వైపు నుంచి ఒక ముక్క. చాలా పేర్లు పుట్టింది ఇలాగే. కుటుంబాల దగ్గర కొన్ని ముక్కలు ఉండేవి, వాటిని అటూ ఇటూ మార్చి అతికించుకునేవారు. పెద్ద కొడుక్కి తరచు తాత పేరు. ఏథెన్సులో ఒక ధనిక కుటుంబంలో తండ్రి కల్లియాస్ అయితే కొడుకు హిప్పోనికోస్, ఆయన కొడుకు మళ్లీ కల్లియాస్. ఏథెన్సు నాయకుడు పెరిక్లిస్ తండ్రి క్సాంతిప్పోస్, పెద్ద కొడుకూ క్సాంతిప్పోసే. ఆ పిల్లవాడిని ఎత్తుకున్నప్పుడు పెరిక్లిస్‌కు తండ్రి గుర్తొచ్చి ఉంటాడు కానీ ఆ పేరులోని పసుపుపచ్చ గుర్రం కాదు.

ఏటిగట్టు:
పదమూలం గారూ, మీరు చూపిన నాటకమే మీకు ఎదురు తిరుగుతోంది. "హిప్పొస్" ముక్క ప్రేక్షకులకు వినిపించకపోతే భార్యాభర్తల పోట్లాట ఎందుకు? ఆ హాస్యమంతా అర్థం మీదే నిలబడింది కదా.

ఇంకా బలమైన సాక్ష్యం గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తొమ్మిదో పుస్తకంలో ఉంది. క్రీ.పూ. 479లో పర్షియా వాళ్లతో జరిగిన మికాలే యుద్ధానికి ముందు సేమోస్ ద్వీపం నుంచి వచ్చిన దూత ఒకడు గ్రీకు నౌకాదళాన్ని సాయం రమ్మని బతిమాలుతున్నాడు. స్పార్టా రాజు లియోటిఖిడాస్ మధ్యలో ఆపి, "నీ పేరేమిటి?" అని అడిగాడు. "హెగెసిస్ట్రాటోస్" అన్నాడు దూత. సేనను నడిపించేవాడు అని దాని అర్థం. అతను ఇంకేదో చెప్పబోతుంటే అడ్డుపడి, ఈ శకునాన్ని స్వీకరిస్తున్నానని ప్రకటించాడు రాజు. ఓడలు కదిలాయి. యుద్ధం ముంగిట నిలబడిన రాజుకు పేరులోని అర్థం అంత స్పష్టంగా వినిపించింది.

డెమోస్తనీస్‌నూ చూడండి. క్రీ.పూ. 330లో న్యాయస్థానంలో తన శత్రువు ఐస్ఖినీస్‌ను ఎండగడుతూ, ఇతని తండ్రి అసలు పేరు ట్రోమీస్ అనీ, రెండు అక్షరాలు చేర్చి అట్రోమిటోస్ చేశాడనీ అన్నాడు. మొదటిది వణికేవాడు, రెండోది వణుకు ఎరుగనివాడు. అది నిజమో నింద మాత్రమేనో పక్కన పెట్టండి. వందల మంది న్యాయనిర్ణేతలు ఆ మాట విన్న వెంటనే గ్రహిస్తారన్న నమ్మకం లేకుండా అంతటి వక్త దాన్ని వాడడు.

పదమూలం:
హెగెసిస్ట్రాటోస్ సంగతి ఎత్తారు కాబట్టి అదే పుస్తకంలో కొంచెం వెనక్కి వెళ్లండి. అదే సంవత్సరం, ప్లటేయా యుద్ధభూమి. పర్షియా సేనాని మార్డోనియోస్ కొలువులో బలులు చూసి శకునాలు చెప్పే గ్రీకు జోస్యుడొకడున్నాడు. స్పార్టా వాళ్ల బందీగా ఉన్నప్పుడు బొండకొయ్యలో బిగించిన తన పాదాన్ని తానే కొంత కోసుకుని తప్పించుకున్న మొండివాడు. ఆయన పేరూ హెగెసిస్ట్రాటోసే! ఆయన నిలబడిన పక్షం ఆ యుద్ధంలో చిత్తుగా ఓడింది. అర్థానికి బలం ఉంటే రెండు చోట్లా పని చేయాలి. లియోటిఖిడాస్‌కు శకునం కావలసివచ్చింది, దొరికిన పేరులో దాన్ని వెతుక్కున్నాడు. హెరొడోటస్ కూడా అతను శకునం కోసమే అడిగాడో, దైవికంగా అలా జరిగిందో అని రెండు మాటలూ చెప్పి ఊరుకున్నాడు.

నికియాస్‌ది కూడా ఇలాంటిదే. ఏథెన్సు సేనాని ఆయన. ఆ పేరులో ఉన్నది "నికే", అంటే విజయం. క్రీ.పూ. 415లో సిసిలీ దండయాత్ర వద్దని వాదించినవాడు ఆయనే. చివరికి దానికి నాయకుడై, సైన్యాన్నీ ప్రాణాన్నీ అక్కడే పోగొట్టుకున్నాడు. విజయం పేరున్నవాడే వద్దనడం అపశకునమని తిమేయోస్ అనే చరిత్రకారుడు తర్వాత రాశాడు. నాలుగైదు వందల ఏళ్ల తర్వాత జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్ ఆ మాటను పిల్లచేష్ట కింద తీసిపారేశాడు. నేను ప్లూటార్క్ వైపే.

రాతిపలక:
మీరిద్దరూ రెండు ముక్కలు తేటగా కనిపించే పేర్ల చుట్టూనే తిరుగుతున్నారు. నీలిరాయి గారి నలభైలో హోమర్ కావ్యాల వీరులు అకిలీస్, ఒడిసియస్ కూడా ఉండే ఉంటారు. అసలు చిక్కు వాళ్లతోనే.

1952లో మైకేల్ వెంట్రిస్ "లీనియర్ బి" అనే ప్రాచీన గ్రీకు లిపిని ఛేదించాక, హోమర్ కంటే కొన్ని వందల ఏళ్ల ముందరి మట్టిపలకల మీద ఈ పేర్లు బయటపడ్డాయి. క్నోసోస్‌లోనూ పైలోస్‌లోనూ "అ-కి-రె-ఉ" ఉంది, అది అకిలీస్. పైలోస్‌లో "ఎ-కో-తో" ఉంది, అది హెక్టర్. వీళ్లు వీరులు కారు. రాజభవనం లెక్కల్లో కనిపించే మామూలు మనుషులు. అంటే వీరగాథ కోసం కవి అల్లిన పేర్లు కావివి, ఊళ్లో నలుగురికీ ఉన్నవే.

అకిలీస్ పేరును "అఖోస్" (దుఃఖం), "లావోస్" (జనం, సైన్యం) అని విడదీసి, తన వారికి దుఃఖం తెచ్చినవాడని చెప్పే పండితులున్నారు. కథకు అతికినట్టు సరిపోతుంది. సరిగ్గా అందుకే నాకు అనుమానం. గ్రీకులు ఆ నేలకు రాకముందు అక్కడ ఉన్నవారి భాష నుంచి మిగిలిన పేరు అనే వాదనకూ బలం ఉంది. ఒడిసియస్ విషయంలో నాకు ఆ అనుమానం కూడా లేదు. ఏథెన్సు కుండల మీద ఆ పేరును "ఒలిట్టెయుస్" అని రాశారు, లాటిన్‌లో "ఉలిక్సేస్" అయింది. ఒకే పేరులో డకారం, లకారం ఇలా మారడం గ్రీకు ధాతువు నుంచి పుట్టిన మాటకు కుదరదు. అర్థం తెలియని చోట గడి ఖాళీగా వదలండి. ఆ ఖాళీ కూడా పిల్లలకు నేర్పవలసిన విషయమే.

ఏటిగట్టు:
కానీ రాతిపలక గారూ, ఒడిసియస్‌కు అర్థం చెప్పింది హోమరే! ఒడిస్సీ పందొమ్మిదో సర్గలో తాత ఆటోలికోస్ వస్తాడు. దాది పసివాడిని ఆయన ఒళ్లో పెట్టి పేరు పెట్టమంటుంది. "నేను ఎందరి మీదో కోపం పెంచుకుని వచ్చాను, కాబట్టి వీడు ఒడిసియస్" అంటాడు. "ఒడిస్సోమై" అంటే కోపగించడం, ద్వేషించడం. ఆ పేరు అసలు ఏ భాష నుంచి వచ్చిందో మీరు చెప్పినట్టే కావచ్చు. దాన్ని వింటూ పెరిగిన గ్రీకులకు మాత్రం అందులో కోపం వినిపించింది. నీలిరాయి గారు అడిగింది ఆ వినికిడి గురించే కదా?

రాతిపలక:
అడిగింది వినికిడి గురించే. కానీ పట్టికలో "అర్థం" అని ఒక్క గడే ఉంటే రెండూ కలిసిపోతాయి. నా అభ్యంతరం అది.

తవిటయ్య మనవరాలు:
ఇన్నాళ్లూ చదివి వెళ్లేదాన్ని, మొదటిసారి రాస్తున్నాను. మా తాతగారి పేరు తవిటయ్య. ఆయనకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగో బిడ్డను మంత్రసాని చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచి, మళ్లీ తానే ఎత్తుకొచ్చి, సోలెడు తవుడు తీసుకుని మా ముత్తవ్వకు అమ్మిందట. మృత్యువు చూసి, ఇది వీళ్ల బిడ్డ కాదనుకుని వెళ్లిపోవాలి. ఆ చేట ఇప్పటికీ మా అటక మీద ఉంది. అంచుకు చుట్టిన నార ఊడిపోయింది, అయినా అమ్మ పారేయనివ్వదు. మన ఊళ్లలో పెంటయ్యలూ పెంటమ్మలూ ఇలా పేరు పొందినవాళ్లే.

గ్రీకు భాషలోనూ ఇలాంటి పేర్లున్నాయి. "కోప్రోస్" అంటే పేడ, పెంట. ఇలియడ్‌లో యూరిస్థెయుస్ రాజు వార్తాహరుడు కోప్రెయుస్. రోమన్ల పాలనలోని ఈజిప్టు పత్రాల్లో ఈ మాటతో కట్టిన పేర్లు ఎన్నో కనిపిస్తాయి. పెంటకుప్ప మీద దొరికిన బిడ్డలని కొందరు పండితులు, చెడు సోకకుండా కావాలని పెట్టినవని కొందరు అంటారు. నాకు రెండోది నమ్మబుద్ధేస్తుంది. పదమూలం గారూ, ఆ తల్లికి ఆ మాట అర్థం వినిపించలేదంటారా? వినిపించకపోతే ఆ పేరు పెట్టడంలో ఫలమేముంది?

పదమూలం:
మీరు రాసింది రెండుసార్లు చదివాను. పేరు పెట్టిన క్షణంలో ఆ తల్లికి అర్థమే సర్వస్వం. అది ఒప్పుకుంటున్నాను. ఇంతవరకు ఆ క్షణాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఏథెన్సు వాళ్లు పదో రోజున బంధువులను పిలిచి పేరు పెట్టేవారు. ఆ పూట మాట బరువు అందరికీ తెలిసే ఉంటుంది.

కానీ తర్వాత? ఈజిప్టు పత్రాల్లో ఆ పేర్లు తండ్రి నుంచి కొడుక్కి వెళ్లిన ఇళ్లూ ఉన్నాయి. మనవడి దగ్గరకు వచ్చేసరికి అది తాత పేరే, పెంట కాదు.

తవిటయ్య మనవరాలు:
మా అన్నయ్య పేరులోనూ "తవిటి" ఉంది. మీరన్నట్టు మాకు అది తాతగారే. బడిలో హాజరు పిలిచిన రోజు మాత్రం తరగతంతా నవ్వింది. ఇంట్లో వినిపించని అర్థం బయటివాళ్లకు వినిపించింది. అన్నయ్య ఆ రోజు అన్నం తినలేదు. కాబట్టి ఆ అర్థం పోయిందని నేను ఒప్పుకోలేను.

ఏటిగట్టు:
ఏథెన్సు సేనాని కిమోన్ కొడుకులకు జరిగింది ఇదే! స్పార్టా మీద అభిమానంతో కిమోన్ ఒక కొడుక్కి లాకెడైమోనియోస్, అంటే స్పార్టావాడు, అని పేరు పెట్టాడు. ఇంకొకరికి థెస్సలోస్, అంటే థెస్సలీవాడు. వీళ్లు పేరుకు కూడా ఏథెన్సువాళ్లు కారని పెరిక్లిస్ వాళ్లను ఎత్తిపొడిచేవాడని ప్లూటార్క్ రాశాడు. తండ్రికి ముచ్చటైన పేరు బిడ్డకు ఊళ్లో గుదిబండ అయింది.

రాతిపలక:
పేరు తన భాష దాటి బయటికి వెళ్లినప్పుడు ఏమవుతుందో కూడా చూడండి. దానికి దూరం పోనక్కర లేదు. గుత్తి, పత్తికొండల మధ్య ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శాసనాల వరుస ఉంది. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం గురించి పశ్చాత్తాపంతో చెప్పించినది. ధర్మంతో గెలవడమే గెలుపని అంటూ అందులో ఐదుగురు యవన (గ్రీకు) రాజులను పేర్కొన్నాడు. ఇదే శాసనానికి నేటి పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీ పాఠంలో ఒకడు "అలికసుదరో", అంటే అలెగ్జాండ్రోస్ (మనుషులను కాపాడేవాడు). ఈ అలెగ్జాండర్ దండెత్తి వచ్చినవాడు కాదు, తర్వాతి తరాల రాజు. ఇంకొకడు "తురమయ", అంటే ప్టోలెమేయోస్. ఆ పేరులో ఉన్న "ప్టోలెమోస్" అంటే యుద్ధం. యుద్ధం వద్దని చెక్కించిన రాతి మీదే యుద్ధం అనే పేరు ఉంది, చెక్కినవాడికి ఆ సంగతి తెలిసి ఉండదు.

కిందటి ఏడు ఎర్రగుడి వెళ్లాను. ఎండకు బండ కాలుతోంది. చాలాచోట్ల అక్షరాలు అరిగి, చెయ్యి ఆనిస్తే కానీ గాడి తెలియలేదు.

నీలిరాయి:
అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి పట్టిక విప్పి మళ్లీ మొదలుపెట్టాను. "అర్థం" అనే గడి తీసేశాను. "ముక్కలు" అని ఒక గడి, "ఎవరు ఎలా విన్నారు" అని ఇంకొకటి. హెగెసిస్ట్రాటోస్ ఎదురుగా సేమోస్ దూతనూ పాదం కోసుకున్న జోస్యుడినీ ఇద్దరినీ రాశాను. ఒడిసియస్ ముక్కల గడి ఖాళీగానే ఉంది, రెండో గడిలో తాత ఒళ్లో పసివాడున్నాడు. ఇప్పుడు నలభై పేర్లు పట్టడం లేదు, పదహారే వచ్చాయి.

ఫెయిడిప్పిడిస్ దగ్గర ఆగిపోయాను. ముక్కలు పొదుపు, గుర్రం. విన్నవాళ్ల గడిలో ఎవరిని రాయను? అమ్మనా, నాన్ననా?

పదమూలం:
ఇద్దరినీ రాయండి. ఆ పేరు విన్నంతసేపూ ఆమెకు గుర్రమే వినిపించి ఉంటుంది, ఆయనకు పొదుపే.