రేటు మీద రూపాయి తగ్గనంటున్న బిల్డర్‌తో బేరం ఎలా ఆడాలి?

మియాపూర్_అద్దెకొంప:
బాచుపల్లిలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ చూశాం. 1,420 ఎస్ఎఫ్టీ, వెస్ట్ ఫేసింగ్, 9వ అంతస్తు. స్లాబులు అయిపోయాయి, లోపల ఇటుక పని నడుస్తోంది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ కూడా చూసుకున్నాను. ఎస్ఎఫ్టీ 6,500 అన్నారు కదా, 92.30 లక్షలు అవుతుంది అనుకుని వెళ్తే కాస్ట్ షీట్ చేతిలో పెట్టారు. ఎమినిటీస్ 4 లక్షలు, కార్ పార్కింగ్ 3 లక్షలు, ఆరో అంతస్తు నుంచి ఫ్లోర్ రైజ్ అని అంతస్తుకి, ఎస్ఎఫ్టీకి 25 చొప్పున మాకు 100 పడి ఇంకో 1.42 లక్షలు. మొత్తం 100.72 లక్షలు, దాని మీద 5 శాతం జీఎస్టీ. కార్పస్ ఫండ్, మెయింటెనెన్స్, రిజిస్ట్రేషన్ ఇంకా కలపనే లేదు.

6,200కి ఇవ్వమన్నాం. సేల్స్ అబ్బాయి "ఎండీ గారిని అడిగొస్తా సార్" అని లోపలికెళ్ళి, పది నిమిషాలాగి వచ్చి "మీకోసం ఎస్ఎఫ్టీకి 50 తగ్గించమన్నారు, అది కూడా ఇవాళ టోకెన్ వేస్తేనే" అన్నాడు. ఈలోపు మా మామయ్యగారు అతని ముందే "ఎల్లుండి దశమి బాగుంది, అది దాటితే మూఢం వచ్చేస్తుంది" అనేశారు. ఇంకేం బేరం! ఇది చాలదన్నట్టు, బయటికి వస్తుంటే కొంత క్యాష్‌గా ఇస్తే ఇంకాస్త చూద్దాం అని చెవిలో ఊదాడు. టోకెన్ ఇంకా వెయ్యలేదు. ఎంత వరకు తగ్గుతారు, ఎక్కడ పట్టుకోవాలి? కొన్నవాళ్ళు చెప్పండి.

పాత_సేల్స్_మనిషి:
నేను నాలుగేళ్ళు ఆ కుర్చీలోనే కూర్చున్నాను (మీరు వెళ్ళిన చోట కాదు లెండి). ఎండీ గారిని అడిగొస్తానని లోపలికెళ్ళి నేను చేసింది వాట్సాప్ చూసుకోవడం. ఎంతవరకు తగ్గించొచ్చో పొద్దున మీటింగ్‌లోనే చెప్పేసేవాళ్ళు.

మీరు తప్పు చోట పట్టుకున్నారు. 6,500 అనే అంకె మీద బిల్డర్ కదలడు, ఎందుకంటే మీకు 6,200కి ఇచ్చాడని తెలిస్తే అంతకుముందు 6,400కి కొన్నవాళ్ళంతా వాట్సాప్ గ్రూపులో ఏకమై మర్నాడే ఆఫీసుకొస్తారు, మిగిలిన ఫ్లాట్లకి కూడా అదే రేటు అయి కూర్చుంటుంది. అదే ఫ్లోర్ రైజ్ తీసేసినా, ఎమినిటీస్‌లో కోసినా బయటికి తెలీదు. డబ్బు మీకు ఒకటే, ఆయన పరువు ఆయనకుంటుంది. రేటు 6,500 అలాగే ఉంచి కిందనున్న లైన్లు ఒక్కొక్కటీ అడగండి. పార్కింగ్ స్టిల్ట్‌లోనా (బిల్డింగ్ కింద స్తంభాల మధ్య), సెల్లార్‌లోనా, బయట ఎండలోనా కూడా అడగండి. ఓపెన్ పార్కింగ్‌ని విడిగా అమ్మే హక్కు బిల్డర్‌కి లేదు.

మాడ్యులర్ కిచెన్ ఫ్రీ, ఏసీలు ఫ్రీ అంటారు, వద్దనండి. బిల్లు మీద లక్ష తగ్గితే దాని మీద జీఎస్టీ 5 వేలు, రిజిస్ట్రేషన్ ఏడున్నర వేలు కూడా తగ్గుతాయి. కిచెన్ ఇస్తే బిల్లు బిల్లులాగే ఉంటుంది.

ఇక మూఢం. మీ మామయ్యగారికి అది భయం, మాకు అంతకంటే భయం. మూఢంలోనూ ఆషాఢంలోనూ ఆఫీసులో కూర్చుని ఈగలు తోలుకునేవాళ్ళం, టార్గెట్ మాత్రం ఎప్పటిలాగే ఉండేది. మూఢం మొదలయ్యాక ఒక వారం ఆగి వెళ్ళండి, బేరం అప్పుడు ఆడుకోండి, టోకెన్ మంచిరోజు చూసుకుని తర్వాత వెయ్యండి. ఈలోపు వేరేవాళ్ళు పట్టుకుపోతారేమో అనిపిస్తుంది, కానీ ఆ మూఢం వాళ్ళకీ మూఢమే. పైగా మీది వెస్ట్ ఫేసింగ్, ఈస్ట్ ఫేసింగులు అయిపోయాకే అటు చూస్తారు. గోడ మీద చార్టులో అమ్ముడైపోయాయని అంటించిన ఎర్ర స్టిక్కర్లు చూసి టెన్షన్ పడకండి, వాటిలో కొన్ని నేనే అంటించేవాణ్ణి.

నిజాంపేట్_202:
పైన చెప్పింది బాగుంది కానీ తగ్గింపు ధ్యాసలో పడి కాగితాలు మర్చిపోకండి. మా బావమరిది 3 లక్షలు తగ్గించుకున్నానని అందరికీ స్వీట్లు పంచాడు. తీరా చూస్తే అతనిది తనఖాలో ఉన్న ఫ్లాట్. అనుమతి ఇచ్చే అధికారులు బిల్డర్ చేత కట్టే ఏరియాలో 10 శాతం తనఖా పెట్టించుకుంటారు, ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాకే విడిపిస్తారు. పక్కవాళ్ళందరికీ రిజిస్ట్రేషన్లు అయిపోతుంటే వీడు ఇవాళ రేపు అంటూ తిరిగాడు. మీ ఫ్లాట్ నంబర్ ఆ తనఖా లిస్టులో ఉందేమో ముందే అడగండి.

రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. టోకెన్, మొదటి వాయిదా అని ముక్కలు చేసి అడిగినా లెక్క అదే. 1,420 అనేది సూపర్ బిల్టప్ (కారిడార్లు, లిఫ్టుల్లాంటి ఉమ్మడి జాగాలో వాటా కూడా కలిపి), కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే జాగా, ఎంతో రాయించుకోండి. ఉదాహరణకి అది 1,000 అయితే మీరు కొంటున్నది 9,230 రేటుకి.

క్యాష్ మాట మాత్రం అస్సలు వినొద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకుమించి నగదు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. అది పక్కనపెట్టినా, బ్యాంకు లోన్ ఇచ్చేది కాగితం మీదున్న ధరకే. రేపు ప్రాజెక్టు ఆగిపోయి రెరాకి వెళ్తే వడ్డీతో వెనక్కి అడగగలిగేదీ కాగితం మీదున్నదే. ఇంకోటి, 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మీరే కోసి కట్టాలి, అది అదనం కాదు, బిల్డర్‌కి ఇచ్చేదాంట్లోంచే.

దిల్‌సుఖ్‌నగర్_పాతకాపు:
ఓసీ వచ్చిన ఫ్లాట్ చూసుకోవచ్చు కదా. బిల్డర్ దగ్గర అమ్ముడుపోకుండా మిగిలినవి అక్కడక్కడా ఉంటాయి, జీఎస్టీ ఉండదు, మీ లెక్కలో అదే 5 లక్షలు. గోడ తట్టి చూసుకోవచ్చు, కుళాయి తిప్పి చూసుకోవచ్చు. డబ్బంతా ఒకేసారి కడితే బాగా తగ్గిస్తామని కూడా అంటారు, ఇంకా కడుతున్న ఫ్లాట్‌కి ఆ ఊసే ఎత్తొద్దు, అది డిస్కౌంట్ కాదు, మీరు బిల్డర్‌కి ఇస్తున్న అప్పు.

మియాపూర్_అద్దెకొంప:
అందరికీ థాంక్స్. పాతకాపు గారూ, ఓసీ వచ్చినవి రెండు చూశాం, ఒకటి మరీ చీకటి, రెండోది మా బడ్జెట్ దాటిపోయింది.

మూఢం మొదలైన తొమ్మిదో రోజు వెళ్ళాను, మామయ్యగారిని ఇంట్లోనే ఉంచి. ఆఫీసులో నేను తప్ప ఇంకెవరూ లేరు, టీ రెండుసార్లు ఇచ్చారు. 6,500 జోలికే వెళ్ళలేదు. ఫ్లోర్ రైజ్ మొత్తం తీసేశారు, ఎమినిటీస్ రెండున్నరకి, పార్కింగ్ రెండుకి వచ్చాయి. 3.92 లక్షలు తగ్గింది, జీఎస్టీ, రిజిస్ట్రేషన్ కలుపుకుంటే 4.40 దాకా మిగిలినట్టు. ముందు ఇస్తానన్న 50 లెక్క 71 వేలే! కార్పస్ మీద మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు, అది అసోసియేషన్‌కి పోయే డబ్బు అన్నారు, సరే అన్నాను. తనఖా ఫ్లాట్లు రెండో అంతస్తులో ఉన్నాయట, డీడ్ కాపీ చూపించారు. క్యాష్ సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

టోకెన్ మూఢం వెళ్ళాకే. అప్పటిదాకా చార్టులో మా ఫ్లాట్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించమన్నాను, నా ముందే అంటించాడు, ఫోటో కూడా తీసుకున్నాను.

పాత_సేల్స్_మనిషి:
ఆ స్టిక్కర్ గోరుతో గీకితే వచ్చేస్తుంది సార్. ఈ రేట్లన్నీ ఫ్లాట్ నంబర్‌తో సహా మెయిల్‌లో పెట్టమనండి, ఇవాళే.