పీసీ గేములు, రివ్యూలు: మీ సందేహాలు అడగండి

నమస్తే. నేను హైదరాబాద్‌లో ఉంటాను. పీసీ గేముల మీద రివ్యూలు, వార్తలు రాయడం నా వృత్తి. "రివ్యూలో సూపర్ అన్నారు, నా దగ్గర మాత్రం సరిగ్గా నడవట్లేదు" అనే మాట ఈ గ్రూపులో తరచూ కనిపిస్తోంది. అందుకే ఈ థ్రెడ్ మొదలుపెట్టాను. గేమ్ కొనే ముందు, రివ్యూ చదివేటప్పుడు, మీరే రాయాలనుకున్నప్పుడు వచ్చే సందేహాలు ఏవైనా అడగండి. మెషిన్ గురించి అడిగేవాళ్లు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ వివరాలు తప్పకుండా రాయండి. ల్యాప్‌టాప్ అయితే ఆ సంగతి కూడా చెప్పండి.

విజయవాడ నుంచి ఇంజనీరింగ్ విద్యార్థి: అక్కా, నాది ల్యాప్‌టాప్. ఐ5, ఆర్‌టీఎక్స్ 3050 4 జీబీ, ర్యామ్ 8 జీబీ ఒకటే స్టిక్. యూట్యూబ్‌లో ఇదే కార్డు మీద 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు) చూపించారు. నాకు 35 దాటట్లేదు, పైగా ఆగి ఆగి వస్తోంది. కార్డు పోయిందంటారా?

జవాబు: కార్డు పోయి ఉండదు తమ్ముడూ, టెన్షన్ పడకు. ల్యాప్‌టాప్‌లో పేరు ఒకటే అయినా కార్డు ఒకటే అనుకోవడానికి లేదు. ఆర్‌టీఎక్స్ 3050కి ల్యాప్‌టాప్ కంపెనీలు 35 వాట్ల నుంచి 80 వాట్ల వరకు తమ ఇష్టం వచ్చినంత పవర్ ఇస్తాయి. వీడియోలో ఉన్నది 80 వాట్లది, నీది తక్కువ వాట్లది అయితే తేడా అక్కడే వచ్చేస్తుంది. నీ మోడల్ స్పెక్ షీట్‌లో టీజీపీ (కార్డుకు ఇచ్చే గరిష్ఠ పవర్) అని రాసి ఉంటుంది, చూడు.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ వేసుకుని, ఆడుతున్నప్పుడు స్క్రీన్ మీద నాలుగు అంకెలు కనిపించేలా పెట్టుకో: కార్డు ఎంత శాతం పనిచేస్తోంది, దాని వేడి, వీడియో మెమరీ, ర్యామ్. కార్డు 97, 98 శాతం దగ్గర ఉంటే దాని శక్తి అంతే, సెట్టింగులు తగ్గించాలి. 50, 60 శాతంలోనే ఉండి గేమ్ తడబడుతుంటే లోపం ప్రాసెసర్ దగ్గరో ర్యామ్ దగ్గరో ఉన్నట్టు. చార్జర్ పెట్టే ఆడుతున్నావు కదా? బ్యాటరీ మీద ఆడితే చాలా ల్యాప్‌టాప్‌లు పవర్ తగ్గించేస్తాయి.

అదే విద్యార్థి: చూశాను అక్కా. చార్జర్ పెట్టే ఆడాను. కార్డు 55 శాతం, వేడి 84, వీడియో మెమరీ 3.2, ర్యామ్ 7.7 జీబీ చూపిస్తోంది.

జవాబు: ర్యామ్ నిండిపోయింది. ఇంకో 8 జీబీ స్టిక్ వేయించు, అదే వేగం ఉన్నది. ముందుగా నీ ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఉందో లేదో కనుక్కో. రెండు స్టిక్‌లు ఉంటే ప్రాసెసర్ రెండు దారుల్లో మెమరీని అందుకుంటుంది కాబట్టి లాభం రెండు విధాలా. కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు. వేడి సంగతి కూడా గుర్తుపెట్టుకో: చాలా రివ్యూలు ఏసీ గదిలో చేస్తారు. మే నెలలో విజయవాడలో ఫ్యాన్ కింద ఆడితే లోపలి చిప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వెనక భాగం కాస్త ఎత్తి పెట్టు, ఫ్యాన్ దగ్గర దుమ్ము తీయించు.

గుంటూరు సభ్యుడు: మేడమ్, నాకు ఎఫ్‌పీఎస్ 70 చూపిస్తూనే ఉంటుంది. అయినా కుదుపులు వస్తాయి. ఇది ఎలా?

జవాబు: ఎఫ్‌పీఎస్ సగటు మాత్రమే కాబట్టి. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్ సుమారు 16.7 మిల్లీసెకన్లలో రావాలి. అన్నీ సరిగ్గా వచ్చి ఒక్క ఫ్రేమ్ మాత్రం 150 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి, సగటు పెద్దగా మారదు, కానీ మీ కన్ను పట్టేస్తుంది. అందుకే రివ్యూలో సగటు పక్కన "1% లో" (1% low) అనే అంకె ఉందా అని వెతకండి. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఫ్రేముల లెక్క అది. సగటు 90, 1% లో 35 ఉన్న గేమ్ కంటే సగటు 60, 1% లో 52 ఉన్న గేమ్ ఆడటానికి చాలా హాయిగా ఉంటుంది.

పీసీలో ఈ కుదుపులకు పెద్ద కారణం షేడర్లు. స్క్రీన్ మీద వెలుగు, నీడ, నీళ్లు, పొగ ఎలా కనిపించాలో చెప్పే చిన్న ప్రోగ్రాములు అవి. ప్లేస్టేషన్ 5 లాంటి కన్సోల్‌లో హార్డ్‌వేర్ అందరిదీ ఒకటే, కాబట్టి స్టూడియో వాటిని ముందే తయారుచేసి గేముతో పాటు ఇచ్చేస్తుంది. పీసీలో ఎవరి కార్డు వాళ్లది, ఎవరి డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) వాళ్లది. మీ మెషిన్‌కు తగ్గట్టు అక్కడికక్కడే తయారు కావాలి. ఆ పని ఆట మధ్యలో జరిగితే కొత్త శత్రువో కొత్త మంత్రమో మొదటిసారి కనిపించిన ప్రతిసారీ ఒక జర్క్. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ఇదే జరిగింది. పత్రికల్లో ఆకాశానికెత్తే రివ్యూలు, పీసీ గేములు అమ్మే స్టీమ్ స్టోర్‌లో కొన్నవాళ్ల రివ్యూలు మాత్రం మొదటి రోజు "మిక్స్‌డ్" (మిశ్రమం). పత్రికలు గేమ్ డిజైన్‌కు మార్కులు వేశాయి, జనం తమ పీసీలో కనిపించిన దానికి వేశారు. రెండూ నిజమే. అయితే పీసీ పాఠకుడి కోసం రాసే రివ్యూలో ఆ రెండో సంగతి మొదటి పేరాల్లోనే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

కరీంనగర్ సభ్యుడు: సైబర్‌పంక్ 2077కి అప్పట్లో అంత మంచి రివ్యూలు ఎలా వచ్చాయి? ప్లేస్టేషన్ 4లో కొని బాధపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటి నుంచి రివ్యూలు నమ్మడం మానేశాను.

జవాబు: మీ కోపం న్యాయమైనదే అన్నా. ఆ గేమ్ 2020 డిసెంబర్ 10న వచ్చింది. అంతకు ముందు పత్రికలకు ఇచ్చినవి పీసీ కాపీలు మాత్రమే. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ కాపీలు ఇవ్వలేదు. పైగా విడుదల వరకు రివ్యూ వీడియోల్లో తమ సొంత ఫుటేజ్ చూపకూడదు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడాలి అని షరతు. ఖరీదైన పీసీల మీద ఆడి రాసిన మంచి రివ్యూలను చూసి పాత కన్సోల్ ఉన్నవాళ్లు కొనేశారు. వారం తిరిగేసరికి సోనీ ఆ గేమును తన స్టోర్ నుంచే తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో.

రివ్యూలు రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. తాము చూడనిది పెద్ద అక్షరాలతో చెప్పకపోవడమే చాలా మంది చేసిన తప్పు. "కన్సోల్ కాపీ మాకు ఇవ్వలేదు, కన్సోల్ వాళ్లు ఆగండి" అనే వాక్యం శీర్షిక కిందే ఉండి ఉంటే మీ డబ్బు మిగిలేది. అందుకే మీకు నేను చెప్పేది: రివ్యూ తెరవగానే స్కోరు దగ్గరికి పోకండి. ఏ మెషిన్ మీద ఆడారు, ఎన్ని గంటలు ఆడారు, కాపీ ఎవరిచ్చారు అన్న మూడు సంగతులు ఉన్నాయా చూడండి. లేకపోతే ఆ రివ్యూను పక్కన పెట్టి ఇంకోటి చదవండి.

విశాఖపట్నం సభ్యురాలు: సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. కంపెనీలు స్కోరు కోసం డబ్బులిస్తాయా?

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అండి. స్కోరు ఇంత వేయమని నాకెవరూ డబ్బు ఇవ్వజూపలేదు. ఒత్తిడి వేరే దారిలో వస్తుంది. ప్రకటనలు ఇచ్చేదీ ఆ కంపెనీలే, ముందుగా కాపీలు ఇచ్చేదీ వాళ్లే. 2007లో గేమ్‌స్పాట్ అనే రివ్యూ సైట్‌లో జెఫ్ గెర్స్ట్‌మన్ అనే సీనియర్ విమర్శకుడు కేన్ అండ్ లించ్ అనే గేముకు తక్కువ స్కోరు వేశాడు. ఆ సైట్ నిండా అదే గేమ్ ప్రకటనలున్న సమయమది. అతని ఉద్యోగం పోయింది. స్కోర్ల విషయంలో ప్రకటనదారుల నుంచి వచ్చిన ఒత్తిడే కారణమని 2012లో అతనే చెప్పాడు.

యూట్యూబ్‌లో నేరుగా డబ్బు తీసుకున్న సందర్భాలున్నాయి. షాడో ఆఫ్ మోర్డోర్ గేమ్ ప్రచారానికి యూట్యూబర్లకు డబ్బిచ్చి, ఆ సంగతి చూసేవాళ్లకు సరిగ్గా చెప్పించలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వార్నర్ బ్రదర్స్ మీద ఆరోపణ పెట్టింది. 2016లో అది సెటిల్‌మెంట్‌తో ముగిసింది. మన దేశంలో కూడా ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు పెట్టింది. డబ్బే కాదు, ఉచితంగా వస్తువు తీసుకున్నా చెప్పాలి.

స్కోరు వెనక ఇంకో బాధ ఉంది. 2010 నాటి ఫాలౌట్: న్యూ వెగాస్ గేముకు, రివ్యూ స్కోర్ల సగటు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో 85 వస్తే స్టూడియోకు బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. ఒక్క పాయింటుతో బోనస్ పోయింది. అంత మంది శ్రమ ఆ అంకె మీద ఆధారపడటం నాకు సుతరామూ నచ్చదు. రాక్ పేపర్ షాట్‌గన్ లాంటి పీసీ సైట్ అసలు స్కోర్లే వేయదు.

నిజామాబాద్ సభ్యుడు: రివ్యూ రాసేవాళ్లు గేమ్ పూర్తిగా ఆడతారా?

జవాబు: పది, పదిహేను గంటల గేమైతే ఆడాల్సిందే. బాల్డర్స్ గేట్ 3 లాంటిది అయితే కష్టం. 2023 ఆగస్టు 3న విడుదలైంది, చాలా పత్రికలకు కాపీ వచ్చింది కొద్ది రోజుల ముందే. అందుకే చాలా మంది తొందరపడకుండా "రివ్యూ ఇంకా నడుస్తోంది" అని పెట్టి తర్వాత పూర్తి చేశారు. అదే సరైన పద్ధతి. ఆ గేమ్ మూడో భాగంలో పెద్ద నగరం వస్తుంది, అక్కడ ప్రాసెసర్ మీద భారం బాగా పెరుగుతుంది. మొదటి భాగం చూసి "సాఫీగా నడుస్తోంది" అని రాసేస్తే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఖమ్మం సభ్యుడు: స్టీమ్ యూజర్ రివ్యూలు నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చు, తేదీలు చూసి. హెల్‌డైవర్స్ 2 ఆడాలంటే సోనీ ఖాతా తప్పనిసరి అని 2024 మేలో ప్రకటించగానే రెండు లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి. కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. ఆట బాగోలేదని కాదు, అది నిరసన. రివ్యూల గ్రాఫ్‌లో ఒక్కసారిగా ఎర్ర గీత లేస్తే ఆ వారం ఏం జరిగిందో చూడండి. తర్వాత "ఇటీవలివి" నొక్కి, మీలాంటి కార్డు ఉన్నవాళ్లు రాసినవి నాలుగైదు చదవండి.

తిరుపతి సభ్యుడు: రిఫండ్ అడిగితే ఖాతా బ్లాక్ చేస్తారని ఫ్రెండ్ అన్నాడు. నిజమా?

జవాబు: స్టీమ్‌లో కొన్నాక 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే ధైర్యంగా అడగండి. మీ హక్కు అది. ప్రతి గేమూ అలా వాడి వెనక్కిచ్చే అలవాటు చేసుకుంటేనే ఇబ్బంది. ఈ పద్ధతి స్టీమ్ 2015 జూన్‌లో తెచ్చింది. అదే నెలలో బ్యాట్‌మన్: ఆర్కమ్ నైట్ పీసీ కాపీ ఎంత ఘోరంగా వచ్చిందంటే అమ్మకాలే ఆపేశారు.

ఒక జాగ్రత్త. గేమ్ తెరిచాక షేడర్లు తయారయ్యే సమయం కూడా ఆడిన సమయంలోనే లెక్క. ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి 2023 మార్చిలో వచ్చినప్పుడు ఆ తయారీకే చాలా సేపు పట్టి కొందరి 2 గంటలు మెనూలోనే కరిగిపోయాయి. ముందస్తు యాక్సెస్ ఎడిషన్ కొని విడుదలకు ముందు ఆడిన గంటలను కూడా 2024 ఏప్రిల్ నుంచి లెక్కేస్తున్నారు. కొత్త గేమ్ కొన్న రోజున మొదటి గంటలో కథ చూడకండి. జనం, మంటలు, వర్షం ఉన్న చోటు ఏదైనా వస్తే అక్కడ తిరగండి, కుదుపులు చూడండి, నిర్ణయం తీసుకోండి.

డాలస్ నుంచి సభ్యుడు: ఇంకోటి చేరుస్తాను. డెనూవో (పైరసీని అడ్డుకునే సాఫ్ట్‌వేర్) ఉన్న గేముల్లో ఒకే రోజు ప్రాసెసర్లు మార్చి మార్చి టెస్ట్ చేస్తే కొత్త మెషిన్ అనుకుని లాక్ చేస్తుంది. హార్డ్‌వేర్ రివ్యూలు చేసేవాళ్లు ఒక రోజులో అన్ని చిప్‌లూ పెట్టలేరు.

జవాబు: అవునండి, మంచి మాట గుర్తుచేశారు. కొన్ని గేముల బెంచ్‌మార్క్‌లు (వేగం కొలిచే పరీక్షలు) ఆలస్యం కావడానికి అదీ ఒక కారణం.

హనుమకొండ డిగ్రీ విద్యార్థిని: అక్కా, తెలుగులో రివ్యూలు రాయాలని ఉంది. కీలు (కంపెనీలు రివ్యూ కోసం ఇచ్చే గేమ్ కోడ్‌లు) ఎలా వస్తాయి? నా దగ్గర పాత పీసీ ఉంది, జీటీఎక్స్ 1650.

జవాబు: కీల కోసం ఆగొద్దు చెల్లీ. నీ దగ్గర ఇప్పటికే ఉన్న గేముల మీద రాయి. పాతవైనా పర్వాలేదు. కంపెనీకి మెయిల్ పెట్టినప్పుడు చూపడానికి నాలుగు మంచి రివ్యూలు ఉంటే చాలు. చిన్న స్టూడియోలను అడుగు, వాళ్లు చదివి జవాబిస్తారు. సొంత సైట్ చిరునామా ఉన్న మెయిల్ నుంచి రాస్తే మేలు, ఎందుకంటే దొంగ పేర్లతో కీలు అడిగి అమ్ముకునేవాళ్లతో వాళ్లు విసిగిపోయి ఉన్నారు. కీ వచ్చిందంటే ఎంబార్గో తేదీ (అప్పటి వరకు రివ్యూ బయట పెట్టకూడదు), ఏది చూపొచ్చు ఏది చూపకూడదు అనే షరతులు రెండుసార్లు చదువు. "ముందు రివ్యూ మాకు చూపించాలి" అని ఉంటే ఒప్పుకోకు.

1650 ఉండటం నీకు బలం. మన ఊళ్లలో చాలా మంది ఇంకా అలాంటి కార్డుల మీదే ఆడుతున్నారు. ఆర్‌టీఎక్స్ 4090 మీద ఎంత వస్తుందో చెప్పేవాళ్లు బోలెడు మంది. 4 జీబీ కార్డు మీద టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలం బొమ్మలు) ఏ స్థాయిలో పెట్టాలి, ఎఫ్ఎస్ఆర్ (చిన్న బొమ్మను పెద్దది చేసి చూపి వేగం పెంచే పద్ధతి) వేస్తే బొమ్మ ఎంత మసకబారుతుంది, 30 ఎఫ్‌పీఎస్‌కు లాక్ చేస్తే నిలకడగా ఉంటుందా అని తెలుగులో చెప్పేవాళ్లు దొరకడం కష్టం.

అదే విద్యార్థిని: మొదటి రివ్యూకి ఎలా టెస్ట్ చేయాలి?

జవాబు: గేమ్‌లో బరువైన చోటు ఒకటి ఎంచుకో. ఒకే దారిలో ఒక నిమిషం నడువు. ఫ్రేముల వేగం కొలిచే క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ ఉచితం, దాంతో రికార్డు చెయ్యి. మూడుసార్లు చేసి మొదటిది వదిలెయ్యి, షేడర్ల కుదుపులు అందులో కలుస్తాయి. అయితే ఆ కుదుపులు ఎలా ఉన్నాయో విడిగా రాయి, ఎందుకంటే కొన్నవాళ్లకు మొదట కనిపించేది అదే. డ్రైవర్ వెర్షన్, గేమ్ ప్యాచ్ నంబర్, డీఎల్ఎస్ఎస్ (ఎన్‌విడియా వాళ్ల అలాంటి పద్ధతి) లేదా ఎఫ్ఎస్ఆర్ ఏ మోడ్‌లో ఉంది అనేవి తప్పకుండా చేర్చు. ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కృత్రిమ ఫ్రేములు చేర్చడం) ఆన్‌లో తీసిన అంకెలను మామూలు అంకెలతో ఒకే పట్టికలో కలపకు. నీ మొదటి డ్రాఫ్ట్ ఇక్కడే పెట్టు, చదివి చెబుతాను.